పాత మియాటా ఇంజన్ చప్పుళ్లు – 3వ పాఠం: ట్యాపెట్ సౌండా, రాడ్ సౌండా?

గత పాఠంలో బెల్టులు, పుల్లీలు, ఆల్టర్నేటర్ బేరింగు, అంటే ఇంజన్ బయట తిరిగేవాటి సంగతి చూశాం. ఈసారి లోపలి టకటక. మన పాఠాలకు తీసుకున్న బండి మొదటి తరం మాజ్దా మియాటా. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో తొలిసారి చూపించారు, 1997 మోడల్‌తో ఈ తరం ముగిసింది. మాజ్దా దీన్ని మన దేశంలో అధికారికంగా అమ్మలేదు కాబట్టి, అమెరికాలో పాత స్పోర్ట్స్ కారు కోసం వెతుకుతున్న మనవాళ్లకే ఇది ఎక్కువగా ఉపయోగం.

ఈ బండి టకటకలాడుతుంటే అమ్మేవాళ్లు చెప్పే మాట ఒక్కటే: "వీటన్నిటికీ ఇది మామూలే." చాలాసార్లు అది నిజమే, చిక్కంతా అందులోనే ఉంది. ఆ టకటక ఆయిల్ మార్పుతో పోయే ట్యాపెట్‌దైనా (వాల్వును నొక్కే చిన్న గిన్నెలాంటి భాగం) కావచ్చు, ఇంజన్ దించాల్సిన రాడ్ బేరింగ్‌దైనా (రాడ్ అంటే పిస్టన్‌ను ఇంజన్ కింది క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే కడ్డీ) కావచ్చు. చెవికి రెండూ దగ్గరగానే వినిపిస్తాయి. అందుకే చప్పుడు ఎలా ఉందన్నది తర్వాత. ముందు ఎప్పుడొస్తోంది, ఎంత వేగంగా కొడుతోంది, దేనికి మారుతోంది అన్నవి చూడాలి.

ముందు ట్యాపెట్ సంగతి

1.6 లీటర్ల ఇంజన్‌కీ, 1994 మోడల్ నుంచి వచ్చిన 1.8కీ 16 వాల్వులు, వాటి మీద 16 హైడ్రాలిక్ ట్యాపెట్లు. ఒక్కో ట్యాపెట్ లోపల చిన్న ప్లంజరు, స్ప్రింగు, ఆయిల్‌ను వెనక్కి పోనివ్వని ఒక బంతి వాల్వు ఉంటాయి. లోపల ఆయిల్ నిండి ఉన్నంతసేపూ క్యామ్‌కీ (తిరుగుతూ వాల్వులను తెరిచే షాఫ్టు) ట్యాపెట్‌కీ మధ్య సందు ఉండదు. బండి నాలుగు రోజులు కదలకపోతే ఆయిల్ కిందికి జారిపోతుంది. ఆయిల్ పాతబడితే బంతి దగ్గర మడ్డి చేరుతుంది. ఆయిల్ లెవెల్ తక్కువైనా చప్పుడొస్తుంది, ఎక్కువైనా వస్తుంది. డిప్‌స్టిక్ మీద పై గీత దాటి పోస్తే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, ఆ గాలి ట్యాపెట్‌లోకి చేరుతుంది. దాంతో సందు ఏర్పడి క్యామ్ తిరిగిన ప్రతిసారీ టక్కుమంటుంది.

(అమెరికాలో 1999 మోడల్ నుంచి ట్యాపెట్లు హైడ్రాలిక్ కావు, షిమ్ములతో (పలచటి లోహపు బిళ్లలు) సందు సరిచేసే రకం. ఆ బండ్లకు ఈ భాగం వర్తించదు.)

చల్లటి ఇంజన్‌తో మొదలు

బండి చూడ్డానికి వస్తున్నామని చెప్పేటప్పుడే, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ ఎత్తి వాల్వ్ కవర్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకని అడగండి. డిప్‌స్టిక్ తీసి ఆయిల్‌ను వేళ్ల మధ్య రాసి చూడండి. మాన్యువల్ చెప్పే 10డబ్ల్యు-30 చల్లగా ఉన్నా సులువుగా జారుతుంది. తేనెలా సాగితే, చప్పుడు అణచడానికి చిక్కటి ఆయిల్ పోశారేమోనని అనుమానించాలి.

స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు నిమిషాలు రేస్ చేయకుండా విని, విన్నది రాసుకోండి. ట్యాపెట్ టకటక ఇంజన్ వేడెక్కి ఆయిల్ బాగా అందాక తగ్గాలి. తగ్గకపోతే 3000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి క్రాంక్ తిరిగే చుట్లు) దగ్గర పది పదిహేను నిమిషాలు నడిపి చూడండి, గాలి చేరి ఉంటే వెళ్లిపోతుంది. రాడ్ బేరింగ్ చప్పుడు దీనికి విరుద్ధం. వేడెక్కి ఆయిల్ పలచబడేకొద్దీ పెరుగుతుంది.

దెబ్బలు లెక్కపెట్టడం

క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఈ బండికి ఐడిలింగ్ 850 ఆర్‌పీఎమ్. అంటే రాడ్ దెబ్బ సెకనుకు 14 సార్లు, ఒక ట్యాపెట్ దెబ్బ 7 సార్లు. చెవితో అంత లెక్క కుదరదు. ఫోను ఇంజన్‌కి మీటరు దూరంలో పట్టుకుని పది సెకన్లు రికార్డు చేయండి (మరీ దగ్గర పెడితే మైకు పగిలినట్టు వినిపించి లెక్క తప్పుతుంది). ఆ సమయంలో టాకోమీటర్ ముల్లు ఎక్కడుందో రాసుకోండి. ఉచితంగా దొరికే ఏ ఆడియో ఎడిటర్‌లోనైనా తెరిచి, గీతలో ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి ఎడం కొలవండి. 850 దగ్గర 0.14 సెకను ఉంటే క్యామ్ వేగం, 0.07 ఉంటే క్రాంక్ వేగం.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. రెండు ట్యాపెట్లు కొడుతుంటే దెబ్బలు రెట్టింపై క్రాంక్ వేగంలా కనిపించవచ్చు. అప్పుడు శిఖరాల ఎత్తు చూడండి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నదిగా వస్తున్నా, ఎడాలు సమంగా లేకపోయినా అవి రెండు వేర్వేరు చోట్ల నుంచి వస్తున్నాయి. రెండో మెలిక: ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగను బయటికి తీసుకెళ్లే గొట్టాలు) గాస్కెట్ లీకయినా చప్పుడు క్యామ్ వేగంతోనే వస్తుంది, ఎందుకంటే ఒక్కో సిలిండర్ రెండు చుట్లకోసారే పేలుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, లోహం వేడికి సాగాక తక్కువ. అచ్చం ట్యాపెట్ లాగే. దీన్ని పట్టడానికి స్టెతస్కోపు కన్నా మీటరు పొడవు రబ్బరు గొట్టం మేలు. ఒక చివర చెవి దగ్గర, రెండోది గాస్కెట్ వెంబడి జరుపుతూ వినండి. లీకున్న చోట చప్పుడు ఒక్కసారిగా పెరుగుతుంది, సాధారణంగా అక్కడే నల్లటి మసి చార కూడా ఉంటుంది.

ఇంజెక్టర్ పరీక్ష

ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే దీన్ని గుర్తుంచుకోండి. ఇంజన్ వేడిగా ఐడిలింగ్‌లో ఉండగా ఒక్కో ఇంజెక్టర్ (సిలిండర్‌కి పెట్రోలు చిమ్మే భాగం) కనెక్టర్ ఊడదీయాలి. ప్లగ్ లీడ్ పీకకండి: షాక్ కొడుతుంది, కాలని పెట్రోలు పోయి క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. కనెక్టర్ క్లిప్పుల ప్లాస్టిక్ ఇన్నేళ్లకు పెళుసెక్కి ఉంటుంది, బలవంతం చేస్తే విరుగుతుంది. 1996 లేదా ఆ తర్వాతి మోడల్ బండైతే చెక్ ఇంజన్ లైటు వెలగవచ్చు. ఓనర్‌కి ముందే చెప్పి అనుమతి తీసుకోండి.

కనెక్టర్ తీశాక ఐడిలింగ్ కుదురుకునేదాకా ఆగి వినండి. చప్పుడు ఏమీ మారకపోతే ట్యాపెట్. అది సిలిండర్ పేలినా పేలకపోయినా కొడుతూనే ఉంటుంది. టక్కుమనేది బాగా తగ్గి, చోటు మానిఫోల్డ్ దగ్గరైతే లీకు. బరువైన దబదబ ఒక సిలిండర్ కనెక్టర్ తీసినప్పుడు మాత్రమే మెత్తబడితే ఆ రాడ్ బేరింగే. పిస్టన్ స్లాప్ (పిస్టన్ సిలిండర్ గోడకు కొట్టుకునే చప్పుడు) కూడా ఇలాగే తగ్గుతుంది కానీ, అది చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కితే దాదాపు పోతుంది. అందుకే చల్లగా విన్నది రాసుకోమన్నాం.

అనుమానం తీరకపోతే 2500–3000 మధ్య నిలిపి యాక్సిలరేటర్ కాస్త వదలండి. రాడ్ అయితే వదిలిన ఆ క్షణంలో గలగలమంటుంది.

ఆయిల్ ప్రెషర్

1994 దాకా వచ్చిన బండ్లలో డాష్‌బోర్డు మీది ఆయిల్ గేజ్ నిజమైనదే. 1995 నుంచి అది పేరుకే గేజ్. కాస్త ప్రెషరుంటే చాలు, ముల్లు మధ్యలో నిలబడుతుంది. దాన్ని నమ్మి కొనకండి. సెండర్ (డాష్‌బోర్డుకు ప్రెషర్ సంగతి పంపే సెన్సరు) విప్పి ఆ చోట మెకానికల్ గేజ్ బిగించి చూడండి (దాని మర కొలత 1/8 బీఎస్‌పీటీ, అమెరికాలో మామూలుగా దొరికే 1/8 ఎన్‌పీటీ అడాప్టర్ బిగిస్తే మర చెడుతుంది). వేడి ఇంజన్‌కి 1000 ఆర్‌పీఎమ్ దగ్గర 28–43 పీఎస్ఐ, 3000 దగ్గర 43–57 రావాలి. ప్రెషరు సరిగ్గా ఉండి టకటక ఉంటే తప్పు ట్యాపెట్లది. ప్రెషరే తక్కువుంటే కొత్త ట్యాపెట్లు వేసినా డబ్బు దండగ.

రాడ్ మీద అనుమానముంటే ఆయిల్ ఫిల్టర్ కోసి, మడతల కాగితం విప్పి ఎండలో పట్టుకోండి. అయస్కాంతానికి అంటుకోని బూడిదరంగు, రాగిరంగు తునకలు బేరింగు నుంచి వచ్చినవి. అవి కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి.

ట్యాపెట్లు మార్చాల్సి వస్తే

క్యామ్‌షాఫ్టులు తీయాలి కాబట్టి టైమింగ్ బెల్ట్ మార్పుతో (60,000 మైళ్లకోసారి) కలిపి చేయించడం తెలివి. క్యామ్‌షాఫ్టును పట్టి ఉంచే క్యాపుల బోల్టులు ఒక్కోటీ పూర్తిగా విప్పేయకూడదు. స్ప్రింగుల ఒత్తిడి ఒకవైపే పడి షాఫ్టు విరగొచ్చు. అన్నీ కొంచెం కొంచెంగా వదులు చేయాలి. బిగించేటప్పుడూ అంతే, చివరి టార్కు 11–14 న్యూటన్ మీటర్లు. తీసిన ట్యాపెట్‌ను బొటనవేలితో నొక్కండి: రాయిలా ఉంటే బాగున్నట్టు, మెత్తగా దిగితే పోయినట్టు.

అభ్యాసం: ఎవరి బండైనా సరే, చల్లగా ఒకటి, పదిహేను నిమిషాలు నడిపాక ఒకటి రికార్డు చేసి, ఒక్కోదానికి ఆర్‌పీఎమ్, శిఖరాల ఎడం రాసుకోండి. గరాజ్ తలుపు తెరిచే ఉంచండి. రేడియేటర్ ఫ్యాన్ ఎలక్ట్రిక్‌ది, చెప్పకుండా తిరుగుతుంది. చేతులు దూరంగా పెట్టండి. 4వ పాఠంలో క్లచ్ తొక్కితే వచ్చే చప్పుడు, వదిలితే వచ్చే చప్పుడు.