అంతరిక్ష ఆయుధం ఎంత బలమైనదో తేల్చే లెక్క

సినిమాల్లో, కథల్లో కనిపించే అంతరిక్ష ఆయుధాల్లో ఏది బలమైనదని అభిమానులు వాదించుకుంటారు. మహారాష్ట్రలోని సిరొంచ, అహేరి, బల్లార్షా వైపు ఈ వాదన చెడిపోయేది చాలాసార్లు ఒకే మాట దగ్గర: శక్తి. తెలుగు మీడియం పుస్తకంలో శక్తి అంటే జౌళ్లు. మరాఠీ మీడియంలో చదివినవాళ్లకు అవి ‘ఊర్జా’. వాళ్ల ‘శక్తీ’ మన సామర్థ్యం, అంటే వాట్లు. ఒకరు మొత్తం ఎంత అంటారు, ఇంకొకరు సెకనుకు ఎంత అంటారు, గంట గడిచిపోతుంది. అందుకే ముందు కాగితం మీద రెండు గళ్లు గీయండి: జౌల్, వాట్. ఏ గడిలోనూ పడని అంకెను పక్కన పెట్టేయండి.

తర్వాత ‘గ్రహం నాశనం’ అంటే ఏమిటో ఒప్పుకోవాలి. భూమి మీది సముద్రాలన్నీ ఆవిరి కావడానికి సుమారు 3.6×10²⁷ జౌళ్లు చాలు. భూమినే ముక్కలుగా విరజిమ్మి మళ్లీ కలవకుండా చేయాలంటే దాదాపు 2.2×10³² కావాలి. తేడా అరవై వేల రెట్లు. చంద్రపూర్ థర్మల్ కేంద్రంలోని ఒక 500 మెగావాట్ల యూనిట్ ఆ రెండో అంకెను అందుకోవాలంటే విశ్వం వయసుకు పది లక్షల రెట్ల కాలం ఆగకుండా నడవాలి. సూర్యుడి మొత్తం వెలుగుకైతే ఏడు రోజులు సరిపోతుంది.

తెరమీద గ్రహశకలం పేలితే ఫ్రేమ్ ఆపి, పరిమాణం తెలిసిన ఓడ పక్కన పెట్టి కొలవండి. 100 మీటర్ల వ్యాసమున్న ఇనుప గుండు బరువు సుమారు 41 లక్షల టన్నులు. కరిగించడానికి ఒక మెగాటన్ను (పది లక్షల టన్నుల టీఎన్‌టీ పేలుడు, సుమారు 4.2×10¹⁵ జౌళ్లు) పైచిలుకు, పూర్తిగా ఆవిరి చేయడానికి సుమారు 8 మెగాటన్నులు. పగలగొట్టడానికి వీటికంటే చాలా తక్కువ చాలు, కాబట్టి ముక్కలు ఎగిరినట్టు కనిపిస్తే ఆవిరి లెక్క వేయకూడదు. వ్యాసం కొలతలో రెట్టింపు పొరపాటు జరిగితే జవాబు ఎనిమిది రెట్లు మారుతుంది. అందుకే ఒక్క అంకె కాకుండా, కనీసం ఇంత, గరిష్ఠంగా ఇంత అని రాయండి. పాత్రలు గొప్పగా చెప్పుకునే మాట కన్నా కంటికి కనిపించిన దెబ్బకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఎక్కువమంది వదిలేసేది ఆయుధం వైపు లెక్క. అసలు పస అక్కడే ఉంది. ఆయుధం 160 కిలోమీటర్ల వ్యాసమున్న గోళం అనుకోండి, సగటు సాంద్రత నీటిలో సగం. ద్రవ్యరాశి దాదాపు 10¹⁸ కిలోలు. భూమిని విరజిమ్మే కాంతి పుంజాన్ని వదిలి, అందులో ఒక్క శాతం వేడిగా లోపలే మిగిలిందంటే, కిలోకు 2×10¹² జౌళ్లు పడతాయి. కిలో ఇనుము ఆవిరి కావడానికి 84 లక్షల జౌళ్లు చాలు. అంటే ఆయుధం పేల్చినవాళ్లే రెండున్నర లక్షల సార్లు ఆవిరైపోవాలి. ఆ వేడి సంగతి పక్కన పెట్టినా, తుపాకీ భుజాన్ని తన్నినట్టు కాంతి కూడా తంతుంది: జౌళ్లను కాంతి వేగంతో భాగిస్తే ద్రవ్యవేగం వస్తుంది, దాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే ఆ గోళం సెకనుకు 700 కిలోమీటర్ల వేగంతో వెనక్కి పోవాలి.

పుంజం విచ్చుకునేకొద్దీ దెబ్బ పలచబడుతుంది, కాబట్టి అది ఎంత విచ్చుకుంటుందో కూడా చూడాలి. పది మీటర్ల అద్దం నుంచి వచ్చే పచ్చని లేజర్ చంద్రుడి దూరం చేరేసరికి సుమారు 50 మీటర్ల వెడల్పవుతుంది.

‘ఆ కథలో వేరే భౌతికశాస్త్రం నడుస్తుంది’ అని ఎదుటివారు అంటే కొట్టిపారేయకండి. కాగితం మీద మూడో గడి గీసి, ‘కథ మాట’ అని రాయండి. అందులోని అంకెను మొదటి రెండు గళ్ల అంకెలతో గుణించకూడదు.