పాత విమాన ఇంజిన్లను మ్యూజియం గిడ్డంగిలో భద్రపరచడం ఎలా

విశాఖపట్నం బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా నిలిచిన టీయూ-142 విమానం 29 ఏళ్లు నౌకాదళంలో సేవలందించి, 2017 మార్చి 29న అరక్కోణంలో విరమణ పొంది, అదే ఏడాది డిసెంబరులో మ్యూజియంగా ప్రారంభమైంది. దాని నాలుగు ఎన్‌కె-12 ఇంజిన్లలో ఒక్కొక్కటీ రెండేసి ప్రొపెల్లర్లను ఎదురెదురు దిశల్లో తిప్పేది. సందర్శకులు చూసేది ఇలాంటి పెద్ద వస్తువులనే. విడి ఇంజిన్లు, మాగ్నెటోలు (ఇంజిన్‌లో నిప్పురవ్వకు విద్యుత్తునిచ్చే పరికరాలు), డయళ్లు, ఎజెక్షన్ సీట్లు (ఆపదలో పైలట్‌ను బయటికి విసిరే సీట్లు), పారాచూట్లు చాలా మ్యూజియాలలో గిడ్డంగిలోనే ఏళ్ల తరబడి ఉండిపోతాయి. ప్రదర్శనలో ఉన్న వస్తువు మీద మచ్చ పడితే ఎవరో ఒకరు గమనిస్తారు. గిడ్డంగిలో ఉన్న ఇంజిన్ పాడైన సంగతి మాత్రం దాన్ని మళ్లీ బయటికి తీసిన నాడు గాని తెలియదు. ఈ సూచనలు అటువంటి గిడ్డంగి బాధ్యత తీసుకున్నవారి కోసం, ముఖ్యంగా ఉప్పుగాలి వీచే తీరప్రాంతంలో పనిచేసేవారి కోసం రాస్తున్నాను.

వస్తువు లోపలికి రాగానే గుడ్డ పట్టుకుని తుడవడం మొదలుపెట్టవద్దు. ముందుగా ప్రమాదాలను వెతకాలి. ఎజెక్షన్ సీటులో పేలుడు కార్ట్రిడ్జ్ మిగిలి ఉందో లేదో సైనిక ఆయుధ నిపుణులు చూసి రాతపూర్వకంగా ధ్రువీకరించేంత వరకు దాని పిన్నులను, హ్యాండిళ్లను ఎవరూ ముట్టుకోకూడదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు డయళ్ల మీద చీకట్లో వెలిగేందుకు రేడియోధార్మిక పదార్థమైన రేడియం కలిపిన రంగు పూసేవారు. ఆ డయల్ ఇప్పుడు వెలగడం లేదంటే రేడియం అయిపోయిందని అనుకోరాదు. వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ మాత్రమే పాడైపోయింది. రేడియం సగానికి తగ్గడానికే సుమారు 1,600 ఏళ్లు పడుతుంది. దాని నుంచి వెలువడే రేడాన్ వాయువు మూసిన బీరువాలో పేరుకుంటుంది కాబట్టి, అలాంటి డయళ్లను గాలి ఆడే చోట విడిగా ఉంచి, అద్దం ఎన్నడూ విప్పకుండా, అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం నమోదు చేయించాలి. ఎగ్జాస్ట్ గొట్టాల చుట్టూ, గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్, బోల్టుల మీద కాడ్మియం పూత ఉండవచ్చు. కాబట్టి మాస్కు, నైట్రైల్ గ్లౌజులు లేకుండా దుమ్ము కదిలించరాదు.

ఆ తర్వాతి పని రాసుకోవడం. ఇంజిన్ మీది నంబరు పలక, స్టెన్సిల్ అక్షరాలు, తనిఖీ ముద్రలు, బోల్టులు వదులు కాకుండా వాటికి బిగించిన తీగ (లాక్‌వైర్), దాని చివర సీసపు సీలు, వీటన్నిటినీ దగ్గరగా ఫోటో తీయాలి. ఒకచోట ఎంతో ప్రేమతో నీటి జెట్‌తో కడిగి, వెండి రంగు కొట్టిన ఇంజిన్‌ను చూశాను. అది తళతళలాడుతోంది, కానీ ఏ వర్క్‌షాపులో, ఎప్పుడు విప్పి బిగించారో చెప్పే అక్షరాలన్నీ ఆ రంగు కింద పోయాయి. పాత రంగును తీసివేయడం గాని, కొత్త రంగు వేయడం గాని నిల్వ పనిలో భాగం కాదు.

ఇక తేమ విషయం, నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద విషయం. ఇంజిన్ ఒకే లోహం కాదు. అల్యూమినియం, మెగ్నీషియం, ఉక్కు, కంచు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఉప్పు కలిసిన తేమ వాటి మధ్య చేరితే బ్యాటరీలో జరిగినట్లే జరిగి, మెగ్నీషియం మొదట, తర్వాత అల్యూమినియం క్షయించిపోతాయి. అల్యూమినియం మీద తెల్లటి పొడి కనిపిస్తే అది మొదటి హెచ్చరిక; అదే లోహం పుస్తకం పేజీల్లా పొరలు పొరలుగా ఉబ్బితే లోపల బలం పోయినట్లే. లోహపు వస్తువులకు సాపేక్ష ఆర్ద్రత (గాలిలోని తేమ శాతం) 40 శాతం లోపు ఉంచాలి. తోలు, కర్ర, గుడ్డ ఉన్నవాటికి 45 నుంచి 55 శాతం కావాలి కాబట్టి వాటికి వేరే గది కేటాయించాలి. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే అలవాటు అన్నిటికంటే చెడ్డది. చల్లబడిన ఇనుప ముద్దకు తేమగాలి తగలగానే చల్లటి మంచినీళ్ల గ్లాసుకు పట్టినట్లు చెమట పడుతుంది. ఏసీ కంటే గాలిలోని తేమను లాగేస్తూ నిరంతరంగా నడిచే డీహ్యూమిడిఫయర్, రోజూ చూసి రాసుకునేందుకు తేమను కొలిచే హైగ్రోమీటర్ మేలు.

ఇంజిన్‌ను చేత్తో తిప్పి చూడాలన్న కోరికను ఆపుకోవాలి. తుప్పు పట్టిన పిస్టన్ రింగులు సిలిండరు గోడను గీరేస్తాయి. సిలిండర్లు చక్రపు ఆకుల్లా చుట్టూ అమరిన రేడియల్ ఇంజిన్లలోనైతే కింది సిలిండర్లలోకి దిగిన ఆయిల్ ఎంత నొక్కినా కుదించుకుపోదు కాబట్టి, బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. స్పార్క్ ప్లగ్‌ను జాగ్రత్తగా తీసి, ఆ రంధ్రం గుండా బోరోస్కోప్‌తో (సన్నని గొట్టం లాంటి కెమెరాతో) లోపల చూడాలి. పూర్వపు పెట్రోలులోని సీసం వల్ల మిగిలిన మసి తేమతో కలిసి లోహాన్ని తింటుంది కనుక సిలిండరు లోపల పొడిగా ఉండడం తప్పనిసరి. ప్లగ్గు స్థానంలో తేమను పీల్చే సిలికా జెల్ గింజలు నింపిన పారదర్శకమైన ప్లగ్గు బిగిస్తే లోపలి సంగతి బయటికే తెలుస్తుంది: నీలి గింజలు గులాబీ రంగుకు మారితే తేమ చేరిందని అర్థం, వెంటనే మార్చాలి. ట్యాంకుల్లో ఇంధనం మిగిలి ఉంటే నిపుణుల చేత తీయించాలి. పాత ఆయిల్‌ను పారబోసే ముందు చిన్న సీసాలో నమూనా దాచుకోవాలి.

ఇంజిన్ బరువు దాని సొంత మౌంటింగ్ బిందువుల మీదే పడాలి, సంప్ (అడుగున ఆయిల్ చేరే తొట్టి) మీద గాని సిలిండర్ల మీద గాని కాదు. ఉక్కు స్టాండు మంచిది. కొన్ని రకాల కర్రల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తింటుంది, కాబట్టి సీసపు సీళ్లున్న వస్తువులను కొత్త చెక్కపెట్టెల్లో మూసిపెట్టవద్దు.

మిగ్-21 విమానాలు 2025 సెప్టెంబరు 26న వాయుసేన నుంచి విరమించాయి. వాటి ఇంజిన్లు మన పొరుగునే ఉన్న ఒడిశాలోని కోరాపుట్‌లో ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ తయారుచేసినవి. అలాంటి ఇంజిన్ మీ మ్యూజియానికి వచ్చే అవకాశం ఉంటే, వచ్చిన రోజే దాని లాగ్ కార్డునూ (వాడకం, మరమ్మతుల వివరాలు రాసే కార్డు) అడిగి తీసుకోండి. దాన్ని స్కాన్ చేసి, అసలు ప్రతిని ఆయిల్ వాసన తగలని మరో గదిలో ఆమ్లరహిత కాగితపు కవరులో ఉంచి, ఆ కవరు మీద ఇంజిన్ నంబరును పెన్సిలుతో రాయండి.