మత్తడి కింద ఎండ్రికాయలు – 4వ పాఠం: బుసబుసలు బంద్

ఈ పాఠంలో ఆడ ఎండ్రికాయను, మగదాన్ని ఎట్లా గుర్తుపట్టాలో చెప్పాల్సింది. అది కిందికి జరిగింది. ఊపిరి బిగబట్టి నీళ్లలో మునిగి రాళ్ల కింద ఎండ్రికాయలు పట్టేవాళ్లకు 3వ పాఠంలో ‘నిండా ఊపిరి పీల్చి మునగండి’ అని ఒక్క వాక్యంతో దాటేయడం నా తప్పే. మునిగే ముందు కొలిమి తిత్తి లెక్క ఇరవై ముప్పై సార్లు బుసబుసమని పీల్చి వదలాలని చాలామంది అర్థం చేసుకున్నారు. పైగా, అట్లా చేస్తే ఇంకో పావు నిమిషం ఎక్కువ ఆగగలుగుతున్నామని సంబరం. ఆ పావు నిమిషంలోనే ప్రాణం పోయేది.

ఊపిరి బిగబట్టినప్పుడు ‘ఇక చాలు, పైకి పో’ అని ఛాతీ తన్నుకునేది ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల. ఆక్సిజన్ తగ్గుతున్నట్టు మనకు పెద్దగా తెలియదు. మామూలుగా కూర్చున్నప్పుడే రక్తంలో ఆక్సిజన్ 97, 98 శాతం నిండి ఉంటుంది. నిండిన కుండలో ఎంత పోసినా పొర్లిపోవుడే. బుసబుసలతో ఖాళీ అయ్యేది కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే. అంటే హెచ్చరిక గంట తీసి పక్కన పెట్టి మునుగుతున్నారన్నమాట. గంట మోగకముందే ఆక్సిజన్ అడుగంటుతుంది, స్పృహ తప్పుతుంది. ముందు కళ్లు తిరగడం, ఉక్కిరిబిక్కిరి కావడం ఏమీ ఉండకపోవచ్చు. రాయి కింద చెయ్యి పెట్టిన మనిషి అట్లనే ఉండిపోతాడు. పైనుంచి చూసేవాళ్లకు ఇంకా వెతుకుతున్నట్టే కనిపిస్తాడు.

‘మేం దిగేది రెండు మీటర్ల లోతే కదా’ అనొద్దు. దీనికి లోతుతో పని లేదు, ఈతకొలనులో కూడా ఇట్లనే జరుగుతుంది. ‘ఈత బాగా వచ్చు’ అన్నా లాభం లేదు. స్పృహ తప్పినవాడికి ఏ ఈతా రాదు. పెదవులు, వేళ్ల కొసలు తిమ్మిరెక్కుతున్నా, తల తేలిపోతున్నట్టున్నా ఎక్కువ పీల్చేసినట్టే. ఆ మునక మానేసి ఒడ్డుకు రండి.

చేయాల్సింది ఇది. మొదటి మునకకు ముందు నీటిపైన బోర్లా తేలుతూ రెండు నిమిషాలు మామూలుగా, మెల్లగా ఊపిరి ఆడించండి. చివర ఒక్కసారి నిండా పీల్చి, స్నార్కెల్ (ఊపిరి గొట్టం) నోట్లోంచి తీసేసి మునగండి. ఎండ్రికాయ పనికి 20 సెకన్లు చాలు. ఛాతీ మొదటిసారి అడగగానే పైకి రండి, రెండోసారి అడిగేదాకా ఆగొద్దు. మునిగిన సమయానికి కనీసం రెండింతలు పైన తేలాలి. నేనైతే ఎంత చిన్న మునకైనా నిమిషం ఆగమంటాను. కొందరికి ఇది విసుగు, తెలుసు.

జోడీ లేకుండా దిగొద్దని 1వ పాఠంలోనే ఉంది. కానీ ఇద్దరూ ఒకేసారి మునిగితే దాన్ని జోడీ అనరు. ఒకరు కింద ఉంటే ఇంకొకరు పైన తేలుతూ వాళ్లనే చూడాలి. పైకి వచ్చాక కూడా 30 సెకన్లు కళ్లు తిప్పుకోవద్దు, చాలామంది నీటిపైకి వచ్చాకే సోలిపోతారు. అట్లా అయితే ముఖం నీటిపైకి ఎత్తి పట్టుకుని, మాస్కు తీసి, చెంప తట్టి పేరు పెట్టి పిలవండి. ఊపిరి రాకపోతే నోట్లో నోరు పెట్టి ఊదుతూ ఒడ్డుకు లాగి 108కి ఫోన్ చేయించండి.

ఇంకో సంగతి. తువ్వాలలో రాయి మూటకట్టి నడుముకు బిగించుకుని దిగుతున్నారట! తీసి అవతల పారేయండి. చెరువు నీళ్లు ఉప్పునీళ్లంత పైకి తేల్చవు, రెండు మీటర్లకు ఏ బరువూ అక్కర్లేదు. తడిసిన ముడి నీళ్లలో విప్పరాదు.

తూము ఎత్తి ఉన్నా, మత్తడి దుంకుతున్నా ఆ దగ్గర్లోకి పోవద్దు. దసరా, దీపావళి దాటి నీళ్లు తేరుకున్నాకే ఈ పని. చెరువుల్లో చేపల హక్కు సాధారణంగా ఆ ఊరి మత్స్య సహకార సంఘానిది కాబట్టి ముందు వాళ్లను అడగండి. ఎక్కడెక్కడ వలలు కట్టారో కూడా వాళ్లే చెప్తారు. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల్లో వేటాడితే నేరం, అటు పోనేవద్దు.

ఇక ఎండ్రికాయ. వాగులో నీళ్లు వచ్చే దిక్కుకు ముఖం పెట్టి రాయి లేపండి. లేచిన బురద మీ వెనక్కి కొట్టుకుపోతుంది. చూసినంక రాయిని ఎట్లున్నదట్ల పెట్టేయండి. అది దాని ఇల్లు, బోర్లించి వదిలేస్తే కింద బతికే చిన్నవన్నీ పోతాయి. పట్టేటప్పుడు వెనక నుంచే రావాలి. చూపుడు వేలు చిప్ప పైన, బొటనవేలు కడుపు కింద, చివరి కాళ్ల మధ్య. డెక్క, అంటే కత్తెర లాంటి ముందు కాలు, అక్కడిదాకా రాదు. ఒకవేళ పట్టేస్తే గుంజొద్దు. చెయ్యి నీళ్లలోనే కదలకుండా ఉంచితే అదే వదిలేస్తుంది. గుంజితే డెక్క ఊడి మీ వేలికి వేలాడుతుంది. దానికి డెక్క మళ్లీ మొలవడానికి ఒకటికి మించి కుబుసాలు పట్టొచ్చు.

సంచిలో వేసే ముందు ప్రతిదాన్నీ తిప్పి చూడండి. కడుపు కింద మడిచిన రేకు సన్నగా, కొనదేలి ఉంటే మగది. వెడల్పుగా, గుండ్రంగా కడుపంతా కప్పేస్తే ఆడది. ఆ రేకును గోటితో కొంచెం లేపితే పసుపు గుడ్లో, నువ్వుల్లాగా పాకే పిల్లలో కనిపించొచ్చు. సముద్రపు పీత లక్షల్లో గుడ్లు పెడుతుంది, వాటి పిల్లలు నీళ్లలో తేలుతూ ఎక్కడికో కొట్టుకుపోయి పెరుగుతాయి. మన మంచినీటి ఎండ్రికాయకు ఆ దశ లేదు. పెట్టేది కొన్ని వందల గుడ్లే, అవి తల్లి రేకు కిందే పగిలి, పిల్లలు అచ్చం ఎండ్రికాయల్లాగానే బయటికొచ్చి కొన్నాళ్లు అక్కడే ఉంటాయి. ఒక్క తల్లిని కూరొండితే ఆ రాయి కింద వచ్చే ఏడాది ఏమీ ఉండకపోవచ్చు. బయటి నుంచి వచ్చి నింపేవి తక్కువ. అందుకే గుడ్లున్నా లేకున్నా ఆడదాన్ని వదిలేయమనే నా లెక్క. మగదైనా చిప్ప అడ్డంగా మూడు వేళ్ల వెడల్పు లేకపోతే వదిలేయాలి. మెత్తగా నొక్కుకుపోతే అప్పుడే కుబుసం విడిచింది, లోపల నీళ్లే తప్ప కండ ఉండదు, అదీ వదిలేయాలి.

గోనె సంచి తడిపి అందులో వేయండి. బకెట్ నిండా నీళ్లు పోసి ముంచి పెడితే నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి చస్తాయి. చచ్చినవాటిని వండొద్దు. మందు కొట్టిన మడి పక్క కాలువలోవి అసలే వద్దు. ఒడ్డున మంటలో కాల్చుకునేవాళ్లు లోపలి కండ తెల్లగా గట్టిపడేదాకా ఉంచాలి. పచ్చి ఎండ్రికాయలో ఊపిరితిత్తులకు పట్టే పురుగు ఉండొచ్చు.

సాధన: ఈ వారం కూర లేదు. జోడీతో 15 సెకన్ల మునకలు ఒక్కొక్కరు పన్నెండు వేయాలి. మునక మునకకూ మధ్య నిమిషం, జోడీ చేతిలో గడియారం. బుసబుస ఒక్కటి వినపడినా ఆ మునక లెక్కలోకి రాదు. తర్వాత మోకాలి లోతు నీళ్లలో పది ఎండ్రికాయలు పట్టి, తిప్పి, మగా ఆడా, గుడ్లున్నాయా, చిప్ప ఎన్ని సెంటీమీటర్లు అని స్కేలుతో కొలిచి రాసుకుని, పట్టిన రాయి దగ్గరే పదింటినీ వదిలేయండి. ఆ పది వరుసలు 5వ పాఠానికి కావాలి.