కార్తిక మాసానికి ముందు: కీళ్లవాతం ఉన్నవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

కార్తిక మాసంలో తెల్లవారుజాము స్నానాలు, సోమవారాల ఉపవాసాలు, దీపారాధన, శివాలయాల్లో రద్దీ అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం ఉన్నవారు అందుకని వ్రతాన్ని వదులుకోనక్కరలేదు కానీ, నెల మొదలవడానికి రెండు మూడు వారాల ముందే తమ రుమటాలజిస్టును (కీళ్లవాతాలకు వైద్యం చేసే నిపుణుణ్ణి) కలిసి, ఏవి ఆచరించవచ్చో, ఏవి మానాలో తేల్చుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మందుల విషయం. చాలామంది వాడే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజు మాత్రమే వేసుకోవలసిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. ఆ ఒక్క రోజు సోమవారమే అయితే, ఉపవాసం పేరిట మోతాదు మానకుండా, దానిని వేరే రోజుకు ఎలా మార్చుకోవాలో డాక్టరునే ముందుగా అడగాలి. ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్‌ను సాధారణంగా ఉదయం ఏదైనా తిన్న తరువాత వేసుకోమంటారు. దానిని నెలల తరబడి వాడుతున్నవారు హఠాత్తుగా ఆపితే, శరీరం తనంతట తాను స్టెరాయిడ్ హార్మోనును తగినంత తయారు చేసుకోలేక, రక్తపోటు పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలను ఖాళీ కడుపుతో, నీళ్లు కూడా తాగకుండా మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

పగలంతా ఏమీ తినకుండా నక్షత్ర దర్శనం తరువాత భోజనం చేసే నక్తవ్రతం ఇలాంటి మందులు వాడేవారికి సరిపడదు. సోమవార వ్రతానికి కార్తిక పురాణం ఉపవాసం, ఏకభుక్తం (రోజుకు ఒక్కపూట భోజనం), నక్తం, అయాచితం (అడగకుండా ఎవరైనా పిలిచి పెట్టినదే తినడం), స్నానం, తిలదానం అని ఆరు విధాలు చెప్పి, శక్తి లేనివారికి స్నాన జపాదులు చాలునన్నది. శాస్త్రమే ఇచ్చిన ఈ వెసులుబాటును వాడుకోవడానికి జంకవలసిన పని లేదు. ఇంట్లో పెద్దవారు నొచ్చుకుంటారనుకుంటే ఈ మాటే వారికి చెప్పవచ్చు.

కీళ్ల బిగుతు ఈ వ్యాధిలో ఉదయం వేళే ఎక్కువగా ఉంటుంది, చలికి అది మరింత బాధించేవారూ చాలామందే. కాబట్టి స్నానానికి గోరువెచ్చని నీళ్లే వాడాలి, నిద్ర లేచాక వేళ్లూ మోకాళ్లూ కొంత సడలిన తరువాతే బయలుదేరాలి. నదికి వెళ్లితీరాలనుకుంటే, పాచి పట్టిన మెట్ల మీద చెయ్యి పట్టుకోవడానికి తోడు ఉండాలి. ఏళ్ల తరబడి వ్యాధి ఉన్నవారిలో మెడ పైభాగపు వెన్నుపూసలు వదులయ్యే అవకాశం ఉంది. తల వెనుక నొప్పి, మెడ వంచినప్పుడు షాక్ కొట్టినట్టు అనిపించడం, చేతుల్లో తిమ్మిర్లు ఉంటే మునకలూ సాష్టాంగ నమస్కారాలూ మానుకుని, వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.

పౌర్ణమికి 365 వత్తులను వేళ్లతో నలిపి చేయడం వాచిన కీళ్లకు పెద్ద శ్రమ. అంగడిలో దొరికే వత్తుల కట్ట వెలిగించినా దీపం దీపమే. నీళ్ల బిందెలు ఎత్తడం, తడిబట్టలు పిండడం వేరొకరికి అప్పగించాలి. వనభోజనాల్లో నేల మీద కాక కుర్చీలోనే కూర్చోవాలి. ఉసిరికాయ మంచిదే గానీ మందుకు బదులు కాదు. రెండు రోజుల్లోనే నొప్పి మాయం చేసే పేరులేని పొడులలో స్టెరాయిడ్ కలిసి ఉండే ప్రమాదం ఉంది.

రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు గుంపుల్లో మాస్కు పెట్టుకోవాలి. ఫ్లూ టీకా పనిచేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది కాబట్టి దాని గురించి కూడా ముందే అడగాలి.

భక్తి కీలు వాపును తగ్గిస్తుందని నేను చెప్పను. కానీ ప్రతి సాయంత్రం దీపం దగ్గర కూర్చునే నియమం, నలుగురితో కలిసి చేసే పారాయణం, నొప్పితో గడిచిన రోజుకు కూడా ఒక క్రమాన్ని ఇస్తాయి, ఒంటరితనాన్ని తగ్గిస్తాయి. ఇది పూర్వజన్మ పాపమని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు. రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి సొంత కీళ్ల మీదనే దాడి చేయడం వల్ల వచ్చే వ్యాధి ఇది.

జ్వరం, నోటిపూత, ఆయాసం, నల్లటి మలం, ఒక్క కీలే హఠాత్తుగా ఎర్రబడి వాయడం, వీటిలో ఏది కనిపించినా పూజ పూర్తయ్యేదాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. వాడుతున్న మందుల చీటీని వెంట తీసుకువెళ్లాలి.