బీరా, నేతిబీరా? తీగకాయలను గుర్తుపట్టడం ఎలా?

రెండేళ్ల కింద హన్మకొండలో మా మేడ మీద బీర గింజలు పెట్టాను. ఎవరో ఇచ్చిన పొట్లం, మీద పేరు లేదు. పందిరి నిండా ఆకు కమ్మింది. పక్కింటి వదిన చూసి "బీరనే" అన్నది. తీరా కాయ దిగితే ఒంటి మీద ఒక్క అంచు లేదు. నున్నటి నేతిబీర! ఆకు చూసి పేరు చెప్పడం అప్పటి నుంచి మానేశాను. ఇప్పుడు నేను చూసేవి ఇవి.

గింజతో మొదలుపెట్టండి

బీర గింజ నల్లగా, చిన్నచిన్న గుంతలు పడి గరుకుగా ఉంటుంది. నేతిబీర గింజ నున్నగా ఉండి, చుట్టూ సన్నటి రెక్కలాంటి అంచు కనబడుతుంది. నా పొట్లంలోవి నున్నటివే. చూడటం తెలిస్తే అప్పుడే దొరికిపోయేది.

పువ్వు ఏ వేళకు విచ్చుతుందో చూడండి

నాకు అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఇదే. బీరపువ్వు లేత పసుపు, పొద్దుగూకే వేళకు విచ్చుతుంది. నేతిబీర పువ్వు ముదురు పసుపు, తెల్లవారి విచ్చుతుంది. గుమ్మడిపువ్వు కూడా పొద్దుటి పూటదే, కానీ ఎంతో పెద్దది. బతుకమ్మ పేర్చిన చేతులకు బీరకు, గుమ్మడికి తేడా ఒకరు చెప్పాల్సిన పని లేదు. సొరపువ్వు తెల్లగా, సాయంత్రం పూస్తుంది. పొట్లపువ్వు కూడా తెల్లదే, అయితే దాని రేకుల అంచులు దారప్పోగుల్లా చీలి ఉంటాయి. రాత్రి పూసేది కాబట్టి చూడాలంటే టార్చి పట్టుకొని పోవాల్సిందే.

పూత రాకముందే సొర తీగను పట్టాలంటే ఒక చిట్కా ఉంది. కాడ ఆకును కలిసే చోట రెండు చిన్న బొడిపెలు ఉంటాయి. ఆకు మెత్తటి నూగుతో మఖమల్ గుడ్డలా తగులుతుంది.

మార్కెట్లో వేలితో తడమండి

బీరకు నిలువునా పది అంచులు పైకి తేలి ఉంటాయి. నేతిబీర మీద సన్నటి గీతలే. దాంట్లో నెయ్యి ఎంతుందో సామెత ఎప్పుడో చెప్పేసింది కానీ, లేతకాయ పచ్చడి మాత్రం మంచిగుంటది. ముదిరితే పీచే. మేము రెండు కాయలు తీగకే ఎండనిచ్చి గిన్నెలు తోముకున్నాం.

పెద్ద కాయలకు తొడిమ చూడండి. గుమ్మడి తొడిమ గట్టిగా, పలకలు పలకలుగా ఉండి కాయను తాకే చోట వెడల్పవుతుంది. బూడిద గుమ్మడి తొడిమ గుండ్రంగా ఉంటుంది. గుమ్మానికి కట్టేది, వడియాలు పెట్టేది ఇదే. ముదిరినదైతే వేలికి బూడిద అంటుతుంది, అనుమానమే ఉండదు. లేతదాని మీద నూగు గుచ్చుకున్నట్టు ఉంటుంది. సొరకాయ అనుకొని తెచ్చుకునేది అప్పుడే.

దొండకాయకు, దానిలాగే కనబడే ఉత్తరాది కూరకాయ పర్వల్‌కు కోసి చూస్తే చాలు: దొండలో గింజలు సన్నగా, మెత్తగా, పర్వల్‌లో పెద్దగా ఉంటాయి.

బోడకాకర సంగతి వేరు. వానలు పడంగనే ములుగు, ఏటూరునాగారం అడవుల వైపు నుంచి గంపల్లో వస్తుంది, ధర వింటే గుండె గుభేలుమంటుంది. అడవిది కోడిగుడ్డు కంటే చిన్నగా, మెత్తటి ముళ్లతో ఉంటుంది. గుడ్డును మించి లావుగా ఉంటే చాలావరకు అది బెంగాల్, అస్సాం వైపు సాగయ్యే దాని చుట్టం, కాక్రోల్. రెండూ తినేవే, కానీ అడవి కాయ ధర పెట్టి దాన్ని కొనకండి. ఇంట్లో దుంప పెట్టేవాళ్లకు ఇంకో మాట: ఇందులో మగ తీగ, ఆడ తీగ వేరు. ఒక్క దుంప పెట్టి మూడేళ్లు కాయ కోసం చూసినవాళ్లను ఎరుగుదును.

చివరగా నాలుక

పొయ్యి మీద పెట్టేముందు చిన్న ముక్క కొరికి చూడండి. ఇంతవరకు చెప్పిన కాయల్లో చేదు ఉండకూడదు. చేదు సహజంగా ఉండేది కాకరకాయకే, దాని చేదు వేరు రకం. సొర, బీర, నేతిబీర, పొట్ల చేదుగా ఉంటే అందులో కుకుర్బిటసిన్ అనే విషపదార్థం ఎక్కువైందని అర్థం. ఉడికించినా, ఉప్పు వేసి పిండినా అది పోదు. కంచెల మీద పాకే చేదుబీర చూడటానికి బీరలాగే ఉంటుంది, కళ్లతో పట్టడం కష్టం. ఇక చేదు సొరకాయ రసం తాగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు మన దేశంలో ఉన్నారు. ఆరోగ్యానికి మంచిదని ముక్కు మూసుకొని మింగొద్దు.

చేదు తగిలితే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. తిన్నాక వాంతులు, విరేచనాలు మొదలైతే ఇంటి వైద్యం పెట్టుకోకుండా ఆస్పత్రికి పోండి. ఏ కాయ తిన్నారో డాక్టరుకు చెప్పండి, మిగిలిన ముక్క ఉంటే వెంట తీసుకెళ్లండి.