స్కానర్‌ను వారంటీ రిపేరుకు ఎలా పంపాలి?

అమెరికాలో ఆరేడు వందల డాలర్లు పోసి, పోలీసుల్లాంటి వాళ్ల రేడియో మాటలు వినే హ్యాండ్‌హెల్డ్ స్కానర్ కొన్న మనవాళ్లు, అది మొరాయించగానే "సరిగ్గా వినిపించట్లేదు" అని ఒక్క ముక్క రాసి పెట్టెలో పడేసి పంపేస్తారు. కొన్ని వారాలకు అదే స్కానర్ అదే జబ్బుతో ఇంటికొస్తుంది. లోపల "లోపమేమీ కనబడలేదు" అన్న కాగితం ఉంటుంది. అంత ఖరీదైన వస్తువును బల్ల మీద పెట్టి, ఒకసారి ఆన్ చేసి చూసి తిప్పి పంపడం అన్యాయమే. అయితే ఆ కాసేపట్లోనే లోపం టెక్నీషియన్ కంట పడేలా చేయడం మన చేతిలో పని.

ముందు చిల్లర పనులు. బిల్లుకూ సీరియల్ నంబరుకూ ఫొటో తీసుకోండి. ప్రోగ్రామింగ్, అంటే మీరు నింపుకున్న చానళ్ల జాబితా, మొత్తం కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి, రిపేరులో రీసెట్ కొడితే అంతా పోతుంది. కంపెనీ ఇచ్చిన రిపేరు నంబరు పెట్టె మీద రాయండి. ఉబ్బిన బ్యాటరీ మాత్రం పార్శిల్‌లో పెట్టొద్దు.

అసలు కష్టం లోపం స్కానర్‌దేనా అని తేల్చడంలో ఉంది. అందరూ తొందరపడేది ఇక్కడే.

పోలీసు చానల్ ఒక్కసారిగా మూగబోయిందా? ఆ శాఖ ఎన్‌క్రిప్షన్‌కు, అంటే బయటివాళ్లకు వినబడకుండా మాటను దాచే పద్ధతికి, మారిందేమో ముందు చూడండి. అదే నిజమైతే ఏ రిపేరూ దాన్ని వినిపించలేదు. మాటలు తెగుతూ, గరగరమంటూ వస్తుంటే మొదటి అనుమానం సిమ్యుల్‌కాస్ట్ మీద పెట్టుకోవాలి. పోలీసులు వాడే పీ25 అనే డిజిటల్ రేడియో వ్యవస్థల్లో చాలాచోట్ల అనేక టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఒకే మాటను పంపుతాయి, సిమ్యుల్‌కాస్ట్ అంటే ఇదే. అవి కాస్త వెనకాముందుగా చేరి ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. 2018లో వచ్చిన యూనిడెన్ కంపెనీ స్కానర్ ఎస్‌డీఎస్100 దీన్ని తట్టుకునేలా చేసిందే, పాత మోడళ్లలో చాలావాటికి ఆ శక్తి లేదు. దీనికో పరీక్ష ఉంది. వచ్చే సిగ్నల్‌ను తగ్గించే అటెన్యుయేటర్ ఆన్ చేయండి, లేదా ఇంట్లోనే నాలుగడుగులు పక్కకు జరగండి. సిగ్నల్ తగ్గినా మాట బాగుపడిందంటే అది చాలావరకు సిమ్యుల్‌కాస్టే, స్కానర్‌ను పంపకండి. రిసీవర్ పాడైతే సిగ్నల్ తగ్గినకొద్దీ మాట ఇంకా చెడుతుంది.

తర్వాత వెదర్ రేడియో. 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న అమెరికా వాతావరణ సంస్థ ఎన్‌ఓఏఏ వారి ఏడు చానళ్లలో మీ ఊరికి అందేదాన్ని పెట్టండి. రాత్రింబవళ్లు మోగుతుంది, డిజిటల్ కాదు, మామూలు ఎఫ్‌ఎమ్, ప్రోగ్రామింగ్ తగాదా ఉండదు. పక్కన మరో వెదర్ రేడియో పెట్టి పోల్చండి. అది స్పష్టంగా పలుకుతూ మీ స్కానర్ గుసగుసలాడితే, యాంటెన్నా మార్చి చూడండి. అయినా అంతేనా? యాంటెన్నా మొదలును వేలితో మెల్లగా అటూ ఇటూ నొక్కండి. శబ్దం వస్తూ పోతూ ఉంటే యాంటెన్నా బిగించే ఎస్‌ఎమ్‌ఏ కనెక్టర్ దగ్గర టంకం వదిలిందని అనుమానించాలి. ఇదంతా ఫోన్‌లో వీడియో తీయండి. వెదర్ బాగుండి 800 మెగాహెర్ట్జ్ ఒక్కటే చెడితే, ఆ బ్యాండ్‌లోనే ఇలా పోల్చాలి. వెదర్ పలికింది కదా అని స్కానర్ బాగున్నట్టు కాదు.

మూత మాత్రం తెరవొద్దు. ఇంట్లో టంకం పెట్టుకుంటే సరిపోతుందనే పెద్దమనుషుల మాట వారంటీ ఉన్నంతకాలం వినకండి. కంపెనీవాళ్లకు కావలసిన సాకు మనమే ఇచ్చినట్టవుతుంది. వేరే కంపెనీ యాంటెన్నా వాడారన్న ఒక్క కారణంతో వారంటీ చెల్లదంటే భయపడకండి. లోపం దానివల్లే వచ్చిందని వాళ్లు చూపించాలి. 1975 నాటి మ్యాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఈ విషయంలో మన పక్షమే.

ఇక పార్శిల్‌తో పంపే ఉత్తరం. ఒంట్లో బాగోలేదంటే ఏ డాక్టరైనా ఏం మందిస్తాడు? ఫ్రీక్వెన్సీ, ఎంతసేపటికి మొదలవుతుందో, ఏం చేస్తే వస్తుందో, ఏం చేస్తే పోతుందో రాయాలి. "162.550 మీద పది నిమిషాల తర్వాత శబ్దం పడిపోతోంది. యాంటెన్నా మొదలును ఎడమకు నొక్కితే వస్తోంది, వదిలితే పోతోంది. వేరే యాంటెన్నాతోనూ అంతే." ఇంతే చాలు. ఒక ఉత్తరంలో ఒకే లోపం. మూడు రాస్తే సులువైనదొకటి బాగుచేసి మూట కట్టేస్తారు. మీ కోపం అందులో చేర్చకండి, చదివేవాడు అసలు సంగతి వదిలేస్తాడు. ఫోన్‌లో చెబితే చాలనుకునేవాళ్లూ ఉన్నారు. ఫోన్ ఎత్తిన మనిషి స్కానర్ విప్పడు, విప్పేవాడి చేతిలో కాగితం ఉండాలి. అందుకే దాన్ని స్కానర్‌కు రబ్బరు బ్యాండుతో కట్టండి, పెట్టె అడుగున పడేయొద్దు.

తిరిగొచ్చిన రోజే, అదే చోట, అదే చానల్ మీద మళ్లీ వీడియో తీయండి. ఏ భాగం మార్చారో కాగితంలో లేకపోతే ఈమెయిల్‌లో అడగండి. అదే లోపం ఉంటే రెండు వీడియోలూ, పాత ఉత్తరం నకలూ జతచేసి, ఈసారి బాగుచేయలేకపోతే వేరేది ఇవ్వాలని రాసి పంపండి. చాలా స్కానర్లకు వారంటీ ఏడాదే. రెండో రిపేరు నడుస్తుండగా ఆ గడువు దాటితే, లోపం గడువులోనే మొదలైందని చూపడానికి తేదీలున్న ఆ ఈమెయిళ్లే ఆధారం.