యాక్సెస్ అప్లికేషన్ పంచేటప్పుడు వచ్చే భద్రతా హెచ్చరికలు

చెన్నై జార్జ్‌టౌన్‌లోని ఒక తెలుగువారి టోకు దుకాణానికి సరుకు లెక్కల కోసం మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌లోని డేటాబేస్ ప్రోగ్రాము యాక్సెస్‌లో చేసిన అప్లికేషన్‌ను నేను మెయిల్‌లో పంపితే, దాన్ని తెరిచిన గుమాస్తా గారికి మాక్రోలు (ఫైలులో ఉండి పనులు నడిపే ఆదేశాలు) నిలిపివేశామనే ఎర్ర పట్టీ కనిపించింది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైలుకు విండోస్ ఒక గుర్తు తగిలిస్తుంది. 2022 నుంచి ఆఫీస్ అలాంటి ఫైళ్లలోని మాక్రోలను అడ్డుకుంటోంది. పంపినది ఎవరో ఖాయంగా తెలిసినప్పుడు మాత్రమే, ఫైలుపై రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ గడిలో టిక్కు పెట్టాలి.

ఆ తర్వాత, అప్లికేషన్ కోసమే వేరుగా ఒక ఫోల్డరు పెట్టి, దాన్ని యాక్సెస్ ఆప్షన్స్‌లో ఉండే ట్రస్ట్ సెంటర్‌లోని ట్రస్టెడ్ లొకేషన్స్‌ అనే నమ్మదగిన ఫోల్డర్ల జాబితాలో చేర్చాలి. ప్రతి కంప్యూటరులోనూ ఈ పని చేయాలి. డౌన్‌లోడ్స్ ఫోల్డరును మాత్రం దయచేసి అందులో చేర్చకండి. అక్కడికి వచ్చే ప్రతి ఫైలునూ నమ్మినట్టవుతుంది. మాక్రోలన్నింటినీ అనుమతించే సెట్టింగు అంతకన్నా ప్రమాదకరం.

అప్లికేషన్ ఎవరిదో చూపే డిజిటల్ సంతకానికి సర్టిఫికెట్ కావాలి. ఆఫీస్‌లోని సెల్ఫ్‌సర్ట్ అనే చిన్న ప్రోగ్రాముతో మనమే చేసుకున్న సర్టిఫికెట్ పరీక్షలకు సరిపోతుంది గాని, దాన్ని ఇతరుల కంప్యూటర్లు వాటంతట అవి నమ్మవు. పదిమందికీ పంచాలంటే గుర్తింపు పొందిన సంస్థ దగ్గర కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ కొనాలి. 2023 జూన్ 1 నుంచి దాని రహస్య తాళంచెవిని (సంతకం చేయడానికి వాడే ప్రైవేట్ కీని) భద్రమైన హార్డ్‌వేర్‌లోనే ఉంచాలన్న నియమం ఉంది. అప్లికేషన్‌ను కంప్యూటరులో ఎక్కించే ఇన్‌స్టాలర్‌పై సంతకం చేసేటప్పుడు, ఆ సమయాన్ని నమోదు చేసే టైమ్‌స్టాంపు తప్పక చేర్చండి, ఎందుకంటే సర్టిఫికెట్ గడువు తీరినా అది చెల్లుబాటులో ఉన్న కాలంలో చేసిన సంతకం దానివల్లే నిలుస్తుంది. అయినా కొత్త ఇన్‌స్టాలర్‌కు విండోస్‌లోని భద్రతా తనిఖీ స్మార్ట్‌స్క్రీన్ కొన్నాళ్లు హెచ్చరిక చూపవచ్చు. ఆ సంగతి వాడేవారికి ముందే చెప్పి ఉంచండి.